ఫాంటు మార్చే ముందు: తెలుగు అక్షరం ఎక్కడ విరుగుతోందో పట్టుకోవడం ఎలా?

అడిగింది ఇదీ: "2010 నుంచి నడుపుతున్న తెలుగు వర్డ్‌ప్రెస్ సైటును కొత్త హోస్టింగుకు మార్చాను. పాత టపాల్లో కొన్ని గజిబిజి గుర్తులుగా, కొన్ని వరసగా ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. అదే సైటులో పెడదామని యూనిటీలో ఒక పదకేళి ఆట చేస్తున్నాను, అందులో వత్తులన్నీ విడిపోతున్నాయి. జావాస్క్రిప్టుతో చేసి చూస్తే 'స్త్రీ' ఒక ఫోనులో ఒకే గడిలో, ఇంకో ఫోనులో మూడు గడుల్లో పడుతోంది. నాలుగైదు ఫాంట్లు మార్చి చూశాను, లాభం లేదు. ఏ ఫాంటు వాడమంటారు?"

ఫాంటు జోలికి ఇప్పుడే పోకండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు, మూడింట్లోనూ ఫాంటు తప్పు లేదు. తెలుగు అక్షరం తెరమీదికి వచ్చేలోపు నాలుగు చేతులు మారుతుంది. కీబోర్డు దాన్ని యూనికోడ్ సంఖ్యలుగా మారుస్తుంది. ఫైలో డేటాబేసో ఆ సంఖ్యల్ని బైట్లుగా దాచుకుంటుంది. కూర్పు ఇంజను ఆ వరస చూసి ఏ వత్తు ఎక్కడ పడాలో తేలుస్తుంది. ఆఖర్న ఫాంటు బొమ్మలు ఇస్తుంది. మీ టపాలు రెండో చోట పాడయ్యాయి, యూనిటీ ఆట మూడో చోట. గడుల గొడవ ఈ నాలుగింట్లో దేనిదీ కాదు, "అక్షరం" అంటే ఏమిటో బ్రౌజర్లకే ఒక మాట మీద లేకపోవడం వల్ల వచ్చింది.

"స్త్రీ" అన్న మాటనే దగ్గరగా చూడండి. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. తెలుగుకు యూనికోడులో కేటాయించిన వరస 3072 నుంచి 3199 దాకా (దశాంశంలో చెబుతున్నాను). ఆ వరసలో ప్రతి సంకేతానికీ యూటీఎఫ్-8లో (సంకేతాల్ని బైట్లుగా దాచే పద్ధతి ఇది) 3 బైట్లు పడతాయి. అంటే స్త్రీ మొత్తం 18 బైట్లు. ఒకటి, ఆరు, పద్దెనిమిది: ఈ మూడు లెక్కల్లో ఒకటి వాడాల్సిన చోట ఇంకోటి వాడితేనే తెలుగు విరుగుతుంది. కింద చెప్పేదంతా దీనికి వివరణే.

ముందు తెరమీద కనిపించే గుర్తుల్ని బట్టి జబ్బు పోల్చుకోవడం నేర్చుకోండి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే సంకేతాలు సరిగ్గానే ఉన్నాయి, ఆ యంత్రంలో తెలుగు ఫాంటు లేదు. ఈ గుర్తుల్లో ఫాంటు మారిస్తే బాగయ్యేది ఇదొక్కటే. గుణింతపు గుర్తు ఒక చుక్కల వలయం మీద కూర్చుంటే దాని ముందు హల్లు లేదన్నమాట, టైపింగులోనో ప్రోగ్రాములోనో వరస తప్పింది. నల్లటి వజ్రంలో తెల్ల ప్రశ్నార్థకం వస్తే మూడు బైట్ల సంకేతాన్ని ఎవరో మధ్యలో కోసేశారు. తలమీద గీత ఉన్న ఇంగ్లీషు "ఎ", దాని పక్కన ° గానీ ± గానీ పదేపదే వస్తుంటే బైట్లు భద్రంగా ఉన్నాయి, వాటిని తప్పు లెక్కలో చదువుతున్నారు. మామూలు హల్లులన్నీ మొదటి 64 సంకేతాల్లో ఉంటాయి కాబట్టి °తో, గుడిదీర్ఘం, కొమ్ములు, పొల్లు లాంటివి తర్వాతి 64లో ఉంటాయి కాబట్టి ±తో కనిపిస్తాయి. ఈ గజిబిజి చూసి కంగారు పడక్కర్లేదు, దాన్ని వెనక్కి తేవచ్చు. ఉత్త ప్రశ్నార్థకాల వరస అలా కాదు. అక్కడ అక్షరం పోయింది, దాని బదులు నిజంగానే "?" రాసి ఉంది. ఏ మంత్రం వేసినా ఆ కాపీ లోంచి అది తిరిగి రాదు.

ఇక మీ టపాలు. 2010 నాటి వర్డ్‌ప్రెస్ డేటాబేసుల్లో కొన్నిటికి పట్టికలు లాటిన్1గా (పశ్చిమ ఐరోపా అక్షరాలకే చోటున్న పాత పద్ధతి) ఉండేవి. సైటు మాత్రం వాటిలో యూటీఎఫ్-8 బైట్లు తోసేది. అదే దారిన వెళ్లి అదే దారిన బయటికి వచ్చేవి కాబట్టి అన్నేళ్లూ బాగానే కనిపించింది. హోస్టింగు మారేటప్పుడు బ్యాకప్ తీసిన ప్రోగ్రాము "ఓహో, ఇది లాటిన్1, దీన్ని యూటీఎఫ్-8 చేసి ఇవ్వాలి" అనుకుని, ముందే యూటీఎఫ్-8గా ఉన్నదాన్ని ఇంకోసారి మార్చింది. దాంతో గజిబిజి. ప్రశ్నార్థకాలు దీనికి ఎదురు దారిలో వస్తాయి: సరైన యూటీఎఫ్-8ను లాటిన్1 పట్టికలోకి పంపితే అందులో తెలుగుకు చోటే లేదు, ఒక్కో సంకేతానికీ ఒక్కో "?" పడుతుంది.

ఏ టపాకు ఏది జరిగిందో కంటితో ఊహించొద్దు. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో పోస్ట్స్ పట్టిక తెరిచి, ఒక పాత టపా శీర్షికకు హెక్స్ ఫంక్షన్ (బైట్లను అంకెలుగా, ఇంగ్లీషు అక్షరాలుగా చూపేది) వేసి చూడండి. ఈ0బీ0 (E0B0), ఈ0బీ1 (E0B1) అని మొదలయ్యే జతలు కనిపిస్తే డేటా ఆరోగ్యంగా ఉంది, తప్పు కనెక్షన్ అమరికలో ఉంది. వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైలులో డీబీ చార్‌సెట్ విలువను యూటీఎఫ్8ఎంబీ4 (డేటాబేసులో పూర్తి యూటీఎఫ్-8 పేరు ఇది) చేస్తే, పట్టిక కూడా అదే అయితే, సరిపోతుంది. సీ3ఏ0 సీ2బీ0 (C3A0 C2B0) అని కనిపిస్తే రెండుసార్లు మార్చేశారు. 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని వరసగా ఉంటే పోయింది.

పాత హోస్టింగు ఖాతా ఇంకా బతికి ఉంటే అన్నిటికంటే మంచి దారి అక్కడినుంచి మళ్లీ తెచ్చుకోవడమే. మైఎస్‌క్యూఎల్‌డంప్‌ను డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని చెప్పి, స్కిప్ సెట్ చార్‌సెట్ ఆప్షన్ కూడా ఇచ్చి నడపండి. అప్పుడు బైట్లను ముట్టుకోకుండా ఉన్నవి ఉన్నట్టు ఇస్తుంది. వచ్చిన ఫైలును యూటీఎఫ్-8గా ఎడిటరులో తెరవండి. తెలుగు చక్కగా చదవగలిగేలా ఉంటే సగం పని అయినట్టే. పట్టికలు తయారుచేసే వాక్యాల చివర చార్‌సెట్ లాటిన్1 అని ఉన్నచోటల్లా యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చి, కొత్త డేటాబేసులోకి యూటీఎఫ్8ఎంబీ4 కనెక్షన్‌తో ఎక్కించండి. ఉత్త యూటీఎఫ్8 వద్దు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ పేరుతో ఉన్నది 3 బైట్ల దాకే మోస్తుంది. తెలుగుకు సరిపోతుంది గానీ ఎమోజీకి 4 బైట్లు కావాలి, పాత అమరికల్లో ఎమోజీ ఉన్నచోటే టపా తెగిపోయేది.

పాత ఖాతా పోయి ఉంటే, రెండుసార్లు మారిన టపాల్ని ఉన్నచోటే బాగుచేయాలి. ముందు పట్టికకు పూర్తి నకలు తీసి నకలు మీదే పని చెయ్యండి. క్రమం ఇది: కాలమ్‌లోని పాఠాన్ని లాటిన్1కు కన్వర్ట్ చెయ్యాలి, ఫలితాన్ని బైనరీగా కాస్ట్ చెయ్యాలి, దాన్ని యూటీఎఫ్8ఎంబీ4గా కన్వర్ట్ చెయ్యాలి. మూడూ ఒకే అప్‌డేట్ వాక్యంలో రాయొచ్చు. మధ్యలో బైనరీ మెట్టు ఎందుకంటే, బైట్లు మార్చకుండా వాటిమీది పేరు మాత్రం మార్చమని డేటాబేసుకు చెప్పే దారి అదొక్కటే. దీన్ని అన్ని వరసల మీదా ఒకేసారి నడపొద్దు! ఆరోగ్యంగా ఉన్న తెలుగు టపాను లాటిన్1కు మారిస్తే అది అక్కడికక్కడే ప్రశ్నార్థకాలు అయిపోతుంది. హెక్స్‌లో సీ3ఏ0 సీ2బీ ఉన్న వరసలకే వర్తించేలా షరతు తప్పనిసరిగా పెట్టండి. హోస్టింగు మారాక కొత్తగా రాసిన టపాలు మంచివే ఉంటాయి, ఈ షరతు వాటిని కాపాడుతుంది.

ఇంకో మాట. సైడ్‌బార్‌లో విడ్జెట్లు మాయమై ఉంటే వాటిని మళ్లీ పెట్టి సేవ్ చెయ్యకండి. వర్డ్‌ప్రెస్ ఆప్షన్స్ పట్టికలో పాఠంతో పాటు దాని బైట్ల లెక్క కూడా రాసి ఉంటుంది. "విజయవాడ"కు 21 అని రాసి ఉండి, గజిబిజి అయ్యాక పాఠం పొడుగు పెరిగిపోతే లెక్క కుదరక వర్డ్‌ప్రెస్ దాన్ని పక్కన పడేస్తుంది. పైన చెప్పిన మరమ్మతు ఆ పట్టికకూ చేస్తే లెక్క మళ్లీ 21కి కుదిరి విడ్జెట్లు వాటంతట అవే తిరిగొస్తాయి.

ప్రశ్నార్థకాలైన టపాలకు బయట వెతకాల్సిందే: పాత బ్యాకప్ జిప్పులు, వేబ్యాక్ మెషీన్ (పాత వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు), ఈమెయిలుతో చందా కట్టినవాళ్ల ఇన్‌బాక్సులు, ఫీడ్ రీడర్లు. అన్నిటికంటే ముందు మీ కంప్యూటరులో మొదటి చిత్తుప్రతి ఉందేమో చూసుకోండి. అది అనూ ఫాంటులో పేజ్‌మేకరులో కొట్టిందైతే యూనికోడు కాదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు బొమ్మలు అతికించిన పద్ధతి అది. అందుకే ఫాంటు తీసేస్తే ఇంగ్లీషు గజిబిజి బయటపడుతుంది. దానికి అనూ నుంచి యూనికోడుకు మార్చే కన్వర్టరు కావాలి, మార్చాక మనిషి కన్నుతో ప్రూఫు చూడాలి.

ఇప్పుడు యూనిటీ ఆట. సంకేతాల వరసను చూసి "త, ర రెండూ స కింద వత్తులవ్వాలి, గుడిదీర్ఘం స మీదికి ఎక్కాలి" అని తేల్చే పనిని షేపింగ్ అంటారు. ఆ నియమాలు ఫాంటులోనే పట్టికలుగా ఉంటాయి, కానీ వాటిని చదివి అమలుచేసే ఇంజను ప్రోగ్రాములో ఉండాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ హార్ఫ్‌బజ్ అనే ఇంజను వాడతాయి. యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఆ పని చెయ్యదు. ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మ తెచ్చి వరసగా పేరుస్తుంది. అందుకే రాష్ట్రం "రాష్‌ట్‌రం" లాగా, స్త్రీ "స్‌త్‌రీ" లాగా విడిపోతుంది. ప్రపంచంలోని ఏ ఫాంటు తెచ్చినా అంతే, ఎందుకంటే ఫాంటులోని నియమాల్ని అడిగే నాథుడే అక్కడ లేడు.

ఆట చిన్నదైతే గోడో 4కు (యూనిటీ లాంటిదే, ఆటలు తయారుచేసే ఇంజను) మారిపోండి. అందులో హార్ఫ్‌బజ్ ఉంది, ప్రాజెక్టు సెట్టింగుల్లో టెక్స్ట్ సర్వర్ అడ్వాన్స్‌డ్‌గా ఉంటే చాలు, తెలుగు తిన్నగా వస్తుంది. గోడో 3లో రాదు, పాత పాఠాలు చూసి 3 దించుకోకండి. యూనిటీలోనే ఉండాలంటే మారని పాఠాన్ని (శీర్షికలు, బటన్లు) ముందే బొమ్మలుగా తయారుచేసుకోవడం ఒక దారి. ఆ బొమ్మలు తీసేటప్పుడు ఇదే గోతి ఇంకోసారి ఎదురవుతుంది. పైథాన్ పిల్లో లైబ్రరీ మామూలుగా షేపింగ్ చెయ్యదు, దానికి రాకమ్ అనే తోడు లైబ్రరీ ఉండాలి. విండోస్‌లో రాకమ్ ఉన్నా ఫ్రిబిడి డీఎల్‌ఎల్ దొరక్కపోతే మళ్లీ పాత పద్ధతిలోనే గీస్తుంది. గింప్, ఇంక్‌స్కేప్ ఇబ్బంది పెట్టవు. పాత ఫోటోషాపులో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి, దక్షిణాసియా లిపుల్ని కూర్చే ఇంజనును ఎంచుకోవాలి. అన్నిటికంటే తేలిక దారి బ్రౌజరే: ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలో రాసి, కాన్వాస్ నుంచి పీఎన్‌జీగా దించుకోండి.

ఆటలో సంభాషణను టైపురైటరులా ఒక్కో అక్షరమే చూపించాలనుకుంటే అదీ తెలుగులో కాస్త చూసుకోవాలి. సంకేతం తర్వాత సంకేతం వదిలితే తెరమీద స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని ఆరు మెట్లు గెంతుతుంది, వాక్యమంతా వణికినట్టు ఉంటుంది. గోడోలో లేబుల్‌కు విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అనే అమరిక ఉంది. దాన్ని "షేపింగ్ తర్వాత" అన్నదానికి మార్చండి. ముందు మొత్తం కూర్చి, తర్వాత అక్షరం తర్వాత అక్షరం బయటపెడుతుంది.

గడుల సంగతి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఇది మీ ఆటకు ప్రాణం. జావాస్క్రిప్టులో లెంగ్త్ అడిగితే స్త్రీకి 6 అంటుంది, అది ఎలాగూ పనికిరాదు. మీరు వాడుతున్నది ఇంట్ల్ సెగ్మెంటర్ (Intl.Segmenter, పాఠాన్ని అక్షరాలుగా విడగొట్టే జావాస్క్రిప్టు పనిముట్టు) అయి ఉండాలి. పాత నియమాల ప్రకారం యూనికోడు దృష్టిలో పొల్లు దగ్గర ముక్క ముగిసేది: స్, త్, రీ అని మూడు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళ లిపులకు సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం చేర్చారు. కొత్త బ్రౌజరు ఉన్న ఫోను 1 అంటుంది, పాత ఫోను 3 అంటుంది. రెండూ తమ నియమాన్ని తప్పలేదు. కానీ పదకేళిలో ఈ తేడా ఉంటే ఆటే లేదు, కాబట్టి సెగ్మెంటరును వదిలేసి మీ నియమం మీరే రాసుకోండి. తెలుగుకు అది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో ఒక్క వరస.

హల్లులు 3093 నుంచి 3129 వరకు. అచ్చులు 3077 నుంచి 3092 వరకు. గుణింతపు గుర్తులు 3134 నుంచి 3148 వరకు. పొల్లు 3149. అరసున్నా, సున్నా, విసర్గ వరసగా 3073, 3074, 3075. ఒక గడి అంటే: ఒక హల్లు, దాని తర్వాత "పొల్లు + హల్లు" జతలు ఎన్నైనా, ఆ తర్వాత ఉంటే ఒక గుణింతం లేదా ఒక పొల్లు, ఆఖర్న ఉంటే అరసున్నా, సున్నా లేదా విసర్గ. లేదంటే ఒక అచ్చు, ఉంటే దాని తర్వాత అరసున్నా, సున్నా లేదా విసర్గ. ఇంతే. దీని ప్రకారం రాష్ట్రం రెండు గడులు (రా, ష్ట్రం), సూర్యాస్తమయం ఐదు (సూ, ర్యా, స్త, మ, యం), ఉస్మానియా నాలుగు. పాత పద్యాలూ పాత పుస్తకాల పదాలూ పెడతారేమో, ౘ, ౙ, ౚ అనే మూడు హల్లులు విడిగా 3160 నుంచి 3162లో ఉన్నాయి, వాటినీ చేర్చండి.

పదం చివర పొల్లు వస్తే (కంప్యూటర్‌లో "ర్") దానికి విడి గడి ఇవ్వాలా అన్నది మీ ఇష్టం. విడి గడి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం, పత్రికల్లో గళ్లనుడి నింపేవాళ్లకు అలవాటైన లెక్క అదే. గడి కొలత కూడా పట్టించుకోండి. 48 పిక్సెళ్ల గడిలో ఇంగ్లీషు అక్షరం 32 పిక్సెళ్లు పెట్టినా ఇముడుతుంది. తెలుగులో కింద రెండు వత్తులు, పైన గుడిదీర్ఘం ఉండే అక్షరానికి 22 దాటితే అంచులు తెగుతాయి. "స్త్రీ", "జ్యోత్స్న", "రాష్ట్రం" ఈ మూడింటినీ పరీక్షకు పెట్టుకోండి. ఇవి ఇమిడితే తక్కినవన్నీ ఇముడుతాయి.

రంగుల సూచన పెడుతున్నట్టయితే అక్షరం మొత్తం సరిపోతే ఒక రంగు, హల్లు సరిపోయి గుణింతం తప్పితే మరో రంగు పెట్టి చూడండి. "కి" కొట్టాల్సినచోట "కూ" కొట్టినవాణ్ణి పూర్తిగా తప్పు అనడం తెలుగులో అన్యాయం, ఆట కూడా మరీ కష్టమైపోతుంది.

టైపింగు విషయానికొస్తే, ఆండ్రాయిడు ఫోన్లలో కీడౌన్ ఈవెంటును నమ్ముకోకండి. కీబోర్డు యాప్ పదాన్ని ఇంకా కూర్చుతూ ఉండగా ఏ మీట నొక్కినా కోడు 229 అనే వస్తుంది. ఇన్‌పుట్ ఈవెంటు, కంపోజిషన్ ఎండ్ ఈవెంటు వినండి. ఇంకా మంచిది తెరమీద మీ సొంత మీటలు పెట్టడం: పైన హల్లులు, హల్లు నొక్కగానే కింద దాని గుణింతం వరస, పక్కన వత్తు మీట. ఎవరి ఫోనులో ఏ కీబోర్డు ఉందన్న బెంగ ఉండదు.

పదాల పట్టిక శుభ్రంగా లేకపోతే పైన చేసినదంతా వృథా. తెలుగు పట్టికల్లో కనిపించని దొంగలు నలుగురున్నారు. మొదటిది సున్నా: ం అన్న సున్నా 3074, ౦ అన్న తెలుగు అంకె 3174. ఓసీఆర్ చేసిన (పేజీ బొమ్మ నుంచి కంప్యూటరు అక్షరాలు చదివిన) పుస్తకాల్లో ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి, కంటికి తేడా తెలియదు. రెండోది విసర్గ: "దుఃఖం" అని ఉండాల్సింది కోలన్‌తో "దు:ఖం" అని కొట్టేస్తారు. రెండు తెలుగు అక్షరాల మధ్య ఖాళీ లేకుండా కోలన్ ఉంటే విసర్గగా మార్చండి. సున్నా అంకెకు అటూ ఇటూ తెలుగు అంకెలు లేకపోతే ం చెయ్యండి.

మూడోది ఐత్వం. "హైదరాబాదు"లోని ఐత్వాన్ని 3144 అన్న ఒకే సంకేతంగా రాయొచ్చు, లేదా 3142, 3158 అన్న రెండు సంకేతాలుగా రాయొచ్చు, యూనికోడు రెండూ ఒకటేనంటుంది. తెలుగులో ఇలా రెండు రూపాలున్న గుర్తు ఇదొక్కటే. పాత మాక్ డిస్కుల్లో ఫైలు పేర్లు రెండో రూపంలో పడేవి. అక్కడ "హైదరాబాదు" పేరుతో ఉన్న బొమ్మను లినక్స్ సర్వరుకు ఎక్కిస్తే, పేజీలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఉన్నా 404 (ఫైలు దొరకలేదన్న ఎర్రరు) వస్తుంది. నార్మలైజ్ ఫంక్షనును ఎన్‌ఎఫ్‌సీ రూపంతో నడిపితే అన్నీ ఒకే దారికి వస్తాయి.

నాలుగోది బొత్తిగా కనిపించదు: 8204, జీరో విడ్త్ నాన్ జాయినర్. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే ట్ పొల్లు తర్వాత అది ఉండాలి, లేకపోతే "సాఫ్ట్వేర్" అయి వ వత్తుగా కిందికి దిగిపోతుంది. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో చేత్తో పెట్టాలంటే అంపర్‌సాండ్, హాష్, 8204, సెమికోలన్. మీ గడుల నియమంలో ఇది ఉంటే అక్కడ గడి ముగుస్తుంది: సా, ఫ్ట్, వే, ర్. లేకపోతే సా, ఫ్ట్వే, ర్. పట్టికలో ఉంచండి గానీ పోల్చేటప్పుడు, వెతికేటప్పుడు తీసేసిన నకలుతో పోల్చండి. ఆటగాడు దాన్ని కొట్టడని ముందే అనుకోండి. ఈ గుర్తును తేలిగ్గా తీసుకోకండి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరం మధ్యలో ఇది ఉన్న తెలుగు సందేశం ఒకటి వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే 11.2.6 తెచ్చి సరిదిద్దారు.

పట్టికను సీఎస్‌వీగా దాచి ఎక్సెల్‌లో రెండు క్లిక్కులతో తెరిస్తే గజిబిజి వస్తుంది, దాన్ని అలాగే సేవ్ చేస్తే పట్టిక పాడవుతుంది. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా తెచ్చుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. విండోస్‌లో పైథాన్‌తో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ప్రతిసారీ రాయండి. రాయకపోతే చార్‌మ్యాప్ ఎర్రరు వస్తుంది, లేదా నోరు మూసుకుని తప్పు బైట్లు రాస్తుంది.

సైటులో టపా సారాంశాలు ఎలా కత్తిరిస్తున్నారో కూడా చూడండి. పీహెచ్‌పీలో సబ్‌స్టర్ బైట్లు కోస్తుంది (వజ్రాలు అక్కడివే). ఎంబీ సబ్‌స్టర్ సంకేతాలు కోస్తుంది, "కృష్ణ" కాస్తా "కృష్"గా మిగులుతుంది. గ్రాఫీమ్ సబ్‌స్టర్ దీనికంటే మెరుగు. అన్నిటికంటే భద్రం ఖాళీ దగ్గర, అంటే పదం చివర కోయడం.

ఇప్పుడు మీరడిగిన ఫాంటు. చదివే పాఠానికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ, శీర్షికలకు రామభద్ర. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మండలికీ రామభద్రకూ ఒక్క మందమే ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజరు గీతల్ని కృత్రిమంగా లావు చేస్తుంది, చిన్న సైజులో అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. నిజంగా బోల్డ్ కావాలంటే నోటో తీసుకోండి. ఇటాలిక్ తెలుగుకు అచ్చిరాదు, ఒరిగించిన తెలుగు చదవబుద్ధి కాదు. నొక్కి చెప్పాల్సిన మాటకు రంగో మందమో ఇవ్వండి. లైన్ హైట్ 1.7 దగ్గర మొదలుపెట్టండి. ఇంగ్లీషు థీముల్లో 1.2 ఉంటుంది, పై వరస వత్తులు కింది వరస గుడులతో గుద్దుకుంటాయి, ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్న శీర్షికల్లో వత్తులు కోసుకుపోతాయి. జస్టిఫై తీసెయ్యండి. తెలుగు పదాలు పొడుగు, ఫోను వెడల్పులో పదాల మధ్య బావులు తవ్వినట్టు ఖాళీలు వస్తాయి. లెటర్ స్పేసింగ్ సున్నా ఉంచండి. పేజీ పైన హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులో భాష తెలుగు అని రాయండి.

ఫాంటు ఫైలును చిన్నది చేద్దామని సబ్‌సెట్ చేసేవాళ్లు (కావాల్సిన అక్షరాలే ఉంచి తక్కినవి తీసేసేవాళ్లు) ఎక్కువగా పడే గొయ్యి ఒకటుంది. పైఎఫ్‌టీ సబ్‌సెట్‌కు తెలుగు వరస 3072–3199 ఇచ్చి ఊరుకోకుండా 8204, 8205, చుక్కల వలయం 9676 కూడా ఇవ్వండి, లేఅవుట్ ఫీచర్స్ ఆప్షనుకు నక్షత్రం గుర్తు పెట్టండి. వత్తుల నియమాలు సబ్‌సెట్‌లో ఊడిపోతే బ్రౌజరులో కూడా "రాష్‌ట్‌రం" వస్తుంది. హార్ఫ్‌బజ్ ఉన్నచోట అలా కనిపిస్తే మాత్రం తప్పు ఫాంటుదే. ఫలితాన్ని వాఫ్2గా దాచి, మీ సర్వరు నుంచే ఇవ్వండి.

ఒక్కటి మిగిలింది. టపాల చిరునామాలు. తెలుగులో స్లగ్ (చిరునామాలో టపా పేరు ఉండే భాగం) పెడితే ఒక్కో సంకేతం శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. "విజయవాడ" ఒక్కటే 63. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు ఇచ్చే చోటు 200, అంటే 22 సంకేతాలు దాటితే శీర్షిక తోక తెగిపోతుంది. శీర్షికలు అలా తెగి ఒకే మొదలుతో మిగిలితే వెనక 2, 3 అంకెలు తగిలించుకుంటూ పోతుంది, వాట్సాప్‌లో పంచుకుంటే బారెడు శాతం గుర్తులు కనిపిస్తాయి. కొత్త టపాలకు ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు పదాల స్లగ్ మీరే రాయండి. పాతవాటిని మార్చాల్సివస్తే పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 దారిమళ్లింపు పెట్టాకే మార్చండి. డేటాబేసు మరమ్మతు పూర్తికాకముందు ఈ పని మొదలుపెట్టొద్దు, గజిబిజి శీర్షికల నుంచి పుట్టిన స్లగ్‌లు కూడా ఆ పట్టికలోనే ఉంటాయి.